భాగహారం ఎక్కడ ఆపాలి? తొమ్మిదో తరగతి రసాయన శాస్త్రంలో కొలతలు, లెక్కలు: ప్రాజెక్టు డైరీ

తరగతి తొమ్మిది. 40 మంది, అయిదుగురు చొప్పున 8 జట్లు. పీరియడ్ 45 నిమిషాలు. ప్రయోగశాల అంటే రెండు పొడవాటి బల్లలు, ఒక కుళాయి, నెత్తిమీద తిరిగే రెండు ఫ్యాన్లు.

మోల్ లెక్కల్లో, అంటే పదార్థం తూకం నుంచి అందులోని కణాల సంఖ్య తీసే లెక్కల్లో, మార్కులు పోతున్న చోటు చూస్తే రసాయన శాస్త్రం తప్పడం తక్కువ. గ్రాములు మిల్లీగ్రాములయ్యే చోట తప్పుతున్నారు, దశాంశ బిందువు జరిగే చోట తప్పుతున్నారు. అన్నిటికంటే ఎక్కువగా, భాగహారం ఎక్కడ ఆపాలో తెలియక ఆరేడు స్థానాల దాకా చేసుకుంటూ పోతున్నారు. పరీక్షలో కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి ఆ అదనపు స్థానాలన్నీ చేతి లెక్కే. వాటితో సమయమూ పోతుంది, మధ్యలో తప్పూ దొర్లుతుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది లెక్క కాదు, కొలిచిన పనిముట్టు. ఈ ఒక్క సంగతి పిల్లల చేతికి అందేలా చేయడానికే కింది ఎనిమిది దశలు. ధరలు మేం కొన్నప్పటివి.

దశ 1: కొలజాడీ చదవడం

మొదట 4 ప్లాస్టిక్ కొలజాడీలు తెచ్చాం. 100 మి.లీ.వి, ఒక్కొక్కటి 90 రూపాయలు. నీటి మట్టం నెలవంకలా వంగుతుందని, ఆ వంపు అడుగు భాగాన్ని చదవాలని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పి, జాడీలు చేతికిచ్చాం. పాఠం అక్కడే చతికిలబడింది. పాలీప్రొపిలీన్ జాడీలో నీరు గోడకు అంటుకోదు, మట్టం దాదాపు చదునుగా ఉంటుంది. బొమ్మలో ఉన్న వంపు జాడీలో లేదు. కనిపించని వంపుకు అడుగు ఎక్కడని వెతుకుతారు?

తర్వాత గాజు జాడీలు నాలుగు కొన్నాం, ఒక్కొక్కటి 180. గాజులో నీరు అంచుల వెంట పైకి పాకుతుంది, వంపు స్పష్టంగా కనిపిస్తుంది. అంచు దగ్గర చదివితే 100 మి.లీ. జాడీలో దాదాపు 1 మి.లీ. ఎక్కువ వస్తుంది. అంటే ఇంచుమించు ఒక గీత తేడా.

పని చేసిన పద్ధతి:

1. జాడీని చేత్తో పట్టుకుని పైకెత్తి చదవకూడదు. బల్ల మీదే ఉంచి, మోకాళ్లు వంచి, కంటిని మట్టానికి తేవాలి.
2. జాడీ వెనక సగం నలుపు, సగం తెలుపు ఉన్న అట్టముక్క పెట్టాలి. నలుపు పై అంచు మట్టానికి కొద్దిగా కిందుగా ఉంటే వంపు గీసినట్టు కనిపిస్తుంది.
3. సిరా చుక్క కలపాలనిపిస్తుంది. వద్దు. రంగు ముదిరితే వంపు అడుగు కనిపించదు.
4. ఒకే జాడీని అయిదుగురూ విడివిడిగా, పక్కవాళ్లకు చెప్పకుండా చదివి చీటీ మీద రాయాలి. చీటీలు తర్వాత విప్పాలి.

చీటీల్లో 43, 43.0, 43.5, 43.27 వచ్చాయి. 43.27 రాసిన పిల్లవాడు అబద్ధం రాయలేదు. ఎక్కువ అంకెలుంటే ఎక్కువ సరిగ్గా కొలిచినట్టని నమ్మాడు. తక్కిన దశలన్నీ ఆ నమ్మకాన్ని తీసేయడానికే.

గీతల మధ్య పదో వంతు దాకా అంచనా వేయాలని చాలా చోట్ల నేర్పుతారు. ఈ జాడీలో రెండు గీతల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. దాన్ని పది భాగాలుగా చూడగల కన్ను తొమ్మిదో తరగతిలో లేదు, స్టాఫ్ రూములోనూ లేదు. అందుకే ‘సగం గీత వరకే’ అని మార్చాం. గీత మీద ఉంటే 43.0, మధ్యలో ఉంటే 43.5. చివరి అంకె అంచనాతో రాసిందే, దాన్ని రాయడం మానకూడదు. దాని కింద గీత కొట్టాలి. కచ్చితంగా తెలిసిన అంకెలనూ ఈ చివరి అంకెనూ కలిపి పుస్తకంలో ‘సార్థక అంకెలు’ అంటారు. తరగతిలో ఈ చివరి అంకెకు ‘ఊగే అంకె’ అనే పేరు స్థిరపడింది. 43 అని మాత్రమే రాస్తే ఊగేది 3 అని అర్థం. 43.0 అని రాస్తే ఊగేది సున్నా. సున్నా ఉత్తదే కదా, తీసేస్తే ఏం పోతుందన్న ప్రశ్నకు జవాబు ఇదే.

ఇప్పటిదాకా: 3 పీరియడ్లు, 1,080 రూపాయలు.

దశ 2: డిజిటల్ కాటా

200 గ్రాముల దాకా తూచే, 0.01 గ్రాము చూపే చిన్న కాటాలు రెండు, 900. సరిచూసుకోవడానికి 100 గ్రాముల తూనికరాయి, 150. బ్యాటరీలు 60.

ఈ దశలో పాడైనవన్నీ వరసగా:

ఫ్యాన్. తిరుగుతుంటే చివరి రెండు అంకెలూ నిలవవు. ఫ్యాన్లు ఆపితే వేసవిలో తరగతి నిలవదు. చెప్పుల అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి కాటాను లోపల పెట్టాం. చేయి పట్టేంత ముఖం ఒక్కటే తెరిచి ఉంచాం. అంకె నిలిచింది.

మోడ్ బటన్. ఒక జట్టుకు 5 గ్రాముల ఉప్పు 25.00 వచ్చింది. వేలు తగిలి కాటా క్యారెట్లలోకి పోయింది. 1 గ్రాముకు 5 క్యారెట్లు. అంకె పక్కన మూలలో ఉండే ప్రమాణం అక్షరాలు ఎవరూ చూడలేదు. బటన్ మీద టేపు వేసి మూసేయబోయి మానుకున్నాం. ఆ తప్పు దొరకడమే పాఠం. ప్రతి తూకానికీ అంకె కంటే ముందు ప్రమాణం రాయాలన్న నియమం ఆ రోజే పెట్టాం.

తనంతట తానే సున్నాకు వచ్చే గుణం. దీన్ని గుర్తించడానికి ఒక పీరియడ్ పోయింది. ఈ రకం కాటాలు సున్నా దగ్గర చిన్న కదలికలను వణుకుగా లెక్కేసి తుడిచేస్తాయి. ఒక్కో పెసరగింజే మెల్లగా వేస్తూ పోతే అయిదారు గింజలు పడ్డా 0.00 దగ్గరే ఉంటుంది. నీటి చుక్కలతోనూ అంతే. పరిష్కారం: టేర్ బటన్ (సీసా తూకాన్ని సున్నా చేసే బటన్) నొక్కకూడదు. ఖాళీ సీసాను పెట్టి దాని తూకం రాసుకోవాలి, గింజలు వేశాక మళ్లీ రాసుకోవాలి, తీసివేత చేతితో చేయాలి. కాటా సున్నాకు దూరంగా ఉంటుంది కాబట్టి చిన్న మార్పులను మింగేయదు. తీసివేత అలవాటు కావడం మరో లాభం.

పీరియడ్ మొదట, చివర తూనికరాయి పెట్టి చూడాలి. 99.98 నుంచి 100.02 లోపుంటే వాడుకోవచ్చు. లేకపోతే బ్యాటరీ మార్చి, అయిదు నిమిషాలు ఆగి, కాటాతో వచ్చిన కాగితంలో చెప్పినట్టు మళ్లీ సరిచేసుకోవాలి.

ఇప్పటిదాకా: 5 పీరియడ్లు, 2,190 రూపాయలు.

దశ 3: ఒకే 20 మి.లీ., మూడు పనిముట్లు

రెండు కాటాల ముందు ఎనిమిది జట్లు వరసకట్టాయి. పీరియడ్లో మూడు జట్లకే తూకం అందింది. మరో రెండు కాటాలు కొన్నాం, 900. రెండు జట్లకు ఒకటి చొప్పున సరిపోయింది. 20 మి.లీ. సిరంజిలు, సూదులు లేనివి, 8 తెచ్చాం, 96.

పని ఇది: 50 మి.లీ. బీకరులో 20 గీత దాకా నీళ్లు పోసి, మూత ఉన్న సీసాలోకి వంపి తూచాలి. అయిదుసార్లు. తర్వాత కొలజాడీతో అయిదుసార్లు, సిరంజితో అయిదుసార్లు. ఒక జట్టు రాసుకున్న తూకాలు గ్రాముల్లో:

బీకరు: 18.62, 20.91, 19.47, 21.30, 18.95. సగటు 19.85. పెద్దదానికీ చిన్నదానికీ తేడా 2.68.

కొలజాడీ: 19.52, 19.98, 19.61, 20.07, 19.77. సగటు 19.79. తేడా 0.55.

సిరంజి: 19.71, 19.76, 19.68, 19.74, 19.70. సగటు 19.72. తేడా 0.08.

ఆ రోజు నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్. ఆ ఉష్ణోగ్రతలో నీటి సాంద్రత మి.లీ.కు 0.9957 గ్రాములు. కాబట్టి 20 మి.లీ. నీరు 19.91 గ్రాములు తూగాలి. 20.00 రాలేదని కాటాను తిట్టిన జట్లు ముందు ఈ సంగతి గమనించాలి. 1 మి.లీ. నీరు 1 గ్రాము అన్నది దాదాపు 4 డిగ్రీల దగ్గర మాట. మన ఎండల్లో 20 మి.లీ.కు 0.09 గ్రాము తగ్గుతుంది, ఈ కాటా ఆ తేడాను పట్టుకుంటుంది.

ఇక సగటులు చూసి పిల్లలు బీకరే గెలిచిందన్నారు. 19.91కి 19.85 దగ్గరగా ఉంది, సిరంజి 19.72 దూరంగా ఉంది. లెక్క ప్రకారం వాళ్లు చెప్పింది నిజమే. సరిగ్గా రావడం వేరు, దగ్గరదగ్గరగా రావడం వేరని నిర్వచనాలు చెప్పి దాటేయొచ్చు. అలా చేయకుండా రెండు పనులు చేయించాం.

ఒకటి, మర్నాడు మళ్లీ అయిదుసార్లు. బీకరు సగటు 20.48కి పోయింది. సిరంజి 19.73 దగ్గరే ఉంది. మొదటి రోజు బీకరు సగటు బాగుండటం అదృష్టం. ఎక్కువ తక్కువలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

రెండు, ప్రతి జట్టూ తన సిరంజినే అయిదుసార్లు తూచింది. ఒక సిరంజి 19.72 దగ్గర, మరొకటి 19.95 దగ్గర. ఏ సిరంజి దారి దానిది, కానీ దాని దారి తప్పదు. ఎప్పుడూ ఒకేవైపు, ఒకే మేరకు తప్పే పనిముట్టును సరిదిద్దుకోవచ్చు. 19.72ను 0.9957తో భాగిస్తే 19.81. ఆ సిరంజికి చీటీ అంటించాం: ‘20 గీత = 19.81 మి.లీ.’ బీకరుకు అలాంటి చీటీ రాయలేం. రాయలేకపోవడమే బీకరు లోపం. బీకరు గీతలు పోయడానికే గానీ కొలవడానికి కావన్న మాట ఈ చీటీ తర్వాతే వాళ్లకు ఎక్కింది.

సిరంజితో జాగ్రత్తలు:

1. రబ్బరు పిస్టన్‌కు రెండు వలయాలుంటాయి. మూతివైపు వలయాన్నే చదవాలి. వెనక వలయం చదివితే తప్పు మిల్లీలీటర్లలో ఉంటుంది.
2. బుడగ కనిపిస్తే మూతి పైకి పెట్టి తట్టి పంపేయాలి.
3. చివర మూతికి వేలాడే చుక్కను సీసా గోడకు తాకించాలి. ఆ చుక్క ఒక్కటే 0.05 మి.లీ. దాకా ఉంటుంది.

ఇప్పటిదాకా: 8 పీరియడ్లు, 3,186 రూపాయలు.

దశ 4: నట్ల సాంద్రత, భాగహారం ఆగే చోటు

సార్థక అంకెల నియమాలు మొదట బోర్డు మీద రాసి చెప్పాం. సున్నా మధ్యలో ఉంటే లెక్కలోకి వస్తుంది, ముందుంటే రాదు, ఇలా అయిదు. కంఠతా వచ్చాయి. మర్నాడు 0.0250లో ఎన్ని అని అడిగితే మూడు రకాల జవాబులు వచ్చాయి. నియమాలన్నీ చెరిపేసి, హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి ఎం8 ఇనుప నట్లు 120 తెచ్చాం, 110 రూపాయలు.

మొదటి పని: ఒక్క నట్టు సాంద్రత. తూకం 5.21 గ్రాములు. కొలజాడీలో 50.0 నుంచి ఎంత పెరిగిందో చూడాలి. కొందరికి 50.5, కొందరికి 51.0. మొదటివాళ్లకు సాంద్రత 10.42, రెండోవాళ్లకు 5.21. ఒకే పెట్టెలోని నట్లు. 0.5 పెరిగిందన్న కొలతలో ఆ 0.5 మొత్తం ఊగే అంకే. అటు ఊగితే 1.0, ఇటు ఊగితే సున్నా. సున్నాతో భాగించలేం. ఈ కొలత నుంచి ఏ సాంద్రతా చెప్పలేమని పిల్లలే అన్నారు.

రెండో పని: 30 నట్లు కలిపి. తూకం 156.3 గ్రాములు. మొదటి ప్రయత్నంలో నీరు 21.5 మి.లీ. పెరిగింది, సాంద్రత 7.27 వచ్చింది. ఉక్కు సాంద్రత 7.85 దగ్గర ఉండాలి. కారణం నట్ల మరల్లో చిక్కుకున్న గాలి. గాలికీ చోటు కావాలి కాబట్టి ఘనపరిమాణం ఎక్కువ, సాంద్రత తక్కువ వచ్చాయి. గిన్నెలు తోమే ద్రావకం ఒక చుక్క కలిపి, జాడీని వంచి తట్టాక 20.0కి దిగింది.

ఈ మధ్యలో ఒక గాజు జాడీ అడుగు పగిలింది. నట్లను పైనుంచి జారవిడిచారు. కొత్తది 180. అప్పటినుంచి నట్లకు ప్లాస్టిక్ జాడీలే, అదీ వంచి గోడ వెంట జార్చడమే. దశ 1లో పనికిరాకుండా పోయిన ప్లాస్టిక్ జాడీలు ఇక్కడ అక్కరకొచ్చాయి. మట్టం చదునుగా ఉన్నా తేడా తీస్తున్నాం కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక భాగహారం. 156.3ను 20.0తో భాగిస్తే 7.815. ఎక్కడ ఆపాలి? మేం మొదట చెప్పిన పద్ధతి: ఘనపరిమాణాన్ని అర మి.లీ. తగ్గించి ఒకసారి, పెంచి ఒకసారి భాగించండి, రెండు జవాబుల్లో ఎక్కడ అంకెలు మారితే అక్కడ ఆపండి. 19.5తో 8.015 వచ్చింది. 20.5తో 7.624 వచ్చింది. మొదటి అంకే మారిపోయింది, 8, 7. పద్ధతి ప్రకారం ఒక్క అంకె కూడా నమ్మకూడదు. అది సరికాదు, రెండు సంఖ్యలూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. అంకెలను పోల్చడం తప్పుదారి, అంతరాన్ని చూడాలి. మార్చిన పద్ధతి:

1. తగ్గించి, పెంచి రెండుసార్లు భాగించాలి.
2. రెండింటి తేడా తీయాలి: 8.015 నుంచి 7.624 పోగా 0.391.
3. అందులో సగం: దాదాపు 0.2.
4. ఆ సగంలో సున్నా కాని మొదటి అంకె ఏ స్థానంలో ఉందో జవాబు ఆ స్థానం దగ్గర ఆగాలి. ఇక్కడ మొదటి దశాంశ స్థానం. జవాబు 7.8, ఊగే అంకె 8.

నాలుగో స్థానం దాకా భాగహారం చేయనక్కర్లేదని పేపరు మీద తేలడం పిల్లలకు నిజంగా ఊరట. ఆ తర్వాత అడిగాం: పనిముట్టు మార్చకుండా ఇంకో అంకె రాబట్టాలంటే? నట్లు పెంచాలి. ఒక నట్టుతో ఏమీ తెలియలేదు, ముప్ఫైతో రెండు అంకెలు తెలిశాయి. పాత నియమాలను దీని తర్వాత పదిహేను నిమిషాల్లో చెప్పాం. ఈసారి అవి గుర్తు పెట్టుకునే సూత్రాలుగా కాక, తాము చేసిన పనికి సంక్షిప్త రూపంగా కనిపించాయి.

‘30’ అనే సంఖ్యకు ఊగే అంకె లేదని ఒక జట్టు ప్రశ్నిస్తే తేలింది. లెక్కపెట్టినవి కొలిచినవి కావు. 30 అంటే ముప్ఫయ్యే. నట్టు సగటు తూకం తీయడానికి 156.3ను 30తో భాగించినప్పుడు 30లోని అంకెల సంఖ్య జవాబును ఆపదు.

ఇప్పటిదాకా (నట్లు, ద్రావకం, పగిలిన జాడీ కలిపి 300): 11 పీరియడ్లు, 3,486 రూపాయలు.

దశ 5: రూపాయి నాణేలతో సగటు పరమాణు ద్రవ్యరాశి

2011 నుంచి వచ్చిన రూపాయి నాణెం 22 మి.మీ. వెడల్పు, 3.79 గ్రాములు. 2019లో వచ్చిన కొత్తది 20 మి.మీ., 3.09 గ్రాములు. రెండూ రూపాయే, తూకం వేరు. ఐసోటోపులకు, అంటే ఒకే మూలకంలో ద్రవ్యరాశి వేరైన పరమాణువులకు, ఇంతకంటే చక్కటి పోలిక కొనుక్కున్నా దొరకదు.

పది నాణేలను మూసిన పెట్టెలో పెట్టి, ఖాళీ పెట్టె తూకం చెప్పి, లోపల ఏ రకం ఎన్ని ఉన్నాయో తెరవకుండా చెప్పమన్నాం. పదీ కొత్తవే అయితే 30.9 గ్రాములు. ప్రతి పాత నాణేనికీ 0.70 పెరుగుతుంది. 34.4 వస్తే అదనం 3.5, దాన్ని 0.70తో భాగిస్తే 5.

మొదటి పీరియడ్ పాడైంది. నాలుగు పెట్టెల్లో జవాబు పూర్ణాంకం రాలేదు, 6.5, 4.5 ఇలా వచ్చాయి. తెరిచి చూస్తే 2011కి ముందువి, 25 మి.మీ. వెడల్పున్న 4.85 గ్రాముల రూపాయలు కలిసిపోయి ఉన్నాయి. పిల్లల దగ్గర చిల్లర పోగుచేసినప్పుడు వెడల్పు చూడలేదు. స్కేలుతో కొలిచి వేరుచేశాక రెండో పీరియడ్లో అన్ని పెట్టెలూ సరిపోయాయి. అరిగిన నాణేల వల్ల 4.9, 5.1 వచ్చినా అయిదని చెప్పడానికి ఇబ్బంది లేదు.

ఆపైన ఒక్క ప్రశ్న: 34.4 తూగిన పెట్టెలో సగటు 3.44 గ్రాములు. 3.44 తూగే నాణెం ఒక్కటైనా ఉందా? లేదు. క్లోరిన్ 35.5 కూడా అంతే. 35 ద్రవ్యరాశి గల పరమాణువులు దాదాపు ముప్పావు వంతు, 37వి దాదాపు పావు వంతు. 35.5 ఉన్న పరమాణువు ఒక్కటీ లేదు.

పెట్టెలకు 40. నాణేలు తిరిగిచ్చేశాం. ఇప్పటిదాకా: 13 పీరియడ్లు, 3,526 రూపాయలు.

దశ 6: గింజలు లెక్కపెట్టకుండా లెక్కపెట్టడం

వెయ్యి పెసలు కావాలి, లెక్కపెట్టకూడదు. ఒక్క గింజ తూచిన జట్లకు కాటా 0.03 అనో 0.04 అనో చూపింది. దాని ప్రకారం వెయ్యి అంటే 30 గ్రాములో 40 గ్రాములో. వంద లెక్కపెట్టి తూస్తే 3.62 వచ్చింది, వెయ్యికి 36.2. నట్ల పాఠం మళ్లీ పనికొచ్చింది. వంద శనగలు 17.9 తూగాయి. 36.2 గ్రాముల పెసలూ 179 గ్రాముల శనగలూ పక్కపక్కన పోస్తే కుప్పలు వేరు, తూకాలు వేరు, సంఖ్య ఒకటే. మోల్ అంటే ఇదే అని అప్పుడు చెప్పాం. పక్కనే 18 గ్రాముల నీరు, 58.5 గ్రాముల ఉప్పు, 342 గ్రాముల పంచదార, ఒక్కొక్కటి ఒక్కో మోల్, గ్లాసుల్లో పెట్టాం. పంచదారకు కాటా చాలదు, రెండుసార్లుగా తూచాలి.

చాక్‌పీసు లెక్క చాలామంది చేయించేదే. రాయకముందు, రాశాక తూచి, బోర్డు మీద ఎంత పదార్థం మిగిలిందో చెప్పడం. రెండు పొరపాట్లు చెప్పాలి.

చాక్‌పీసు కాల్షియం కార్బనేట్ అనుకుని 100తో భాగిస్తారు. బజారులో దొరికే చాక్‌పీసులు చాలావరకు జిప్సంతో చేసినవి, దాని ఫార్ములా ద్రవ్యరాశి 172. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే పొంగకపోతే కార్బనేట్ కాదు. ముందు ఆ పరీక్ష చేయాలి.

పేరు ఒకసారి రాస్తే తగ్గేది 0.01 గ్రాము. మొత్తం ఊగే అంకే. పదిసార్లు రాయిస్తే 0.12 తగ్గింది. 0.12ను 172తో భాగిస్తే 0.00070 మోల్. రెండే అంకెలు, కాటా ఇచ్చినవి రెండే కాబట్టి.

గింజలకు, ఉప్పుకు, పంచదారకు 130. ఇప్పటిదాకా: 16 పీరియడ్లు, 3,656 రూపాయలు.

దశ 7: పది యొక్క ఘాతాలు

0.00070ను అవగాడ్రో సంఖ్యతో (ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్యతో) గుణించే చోట సగం తరగతి ఆగింది. సున్నాలు లెక్కపెట్టి తప్పుతున్నారు. మనవాళ్లకు లక్షలు, కోట్లు బాగా తెలుసు, అక్కడినుంచే మొదలుపెట్టాం. చార్టు మీద ఘాతాలు, అంటే 1 తర్వాత వచ్చే సున్నాల సంఖ్య: వెయ్యికి 3, లక్షకు 5, కోటికి 7. బడ్జెట్ వార్తల్లో చదివే లక్ష కోట్లకు 5, 7 కలిపి 12. గుణిస్తే ఘాతాలు కూడుతాయన్నది వాళ్లకు ముందే తెలిసిన విషయమైంది. కోటి కోట్ల కోట్లు అంటే 21. అవగాడ్రో సంఖ్య 602.2 కోటి కోట్ల కోట్లు, అంటే 6.022 × 10²³.

కామాలు మాత్రం అడ్డొస్తాయి. మన కామాలు మూడు, రెండు, రెండు అంకెలకు పడతాయి. కిలో, మిల్లీ, మైక్రో మూడేసి చొప్పున నడుస్తాయి. కామాలు చూసి ప్రమాణాలు మార్చవద్దు, ఘాతం రాసి మార్చమన్నాం.

లెక్క: 7.0 × 10⁻⁴ను 6.022 × 10²³తో గుణిస్తే 42 × 10¹⁹. దీన్ని సరిచేసేటప్పుడు 4.2 × 10¹⁸ అని రాసినవాళ్లే ఎక్కువ. బిందువు ఎడమకు జరిగింది కాబట్టి ఘాతమూ తగ్గుతుందనుకున్నారు. ముందు సంఖ్య చిన్నదైతే వెనకది పెద్దది కావాలి, మొత్తం విలువ మారకూడదు. రూపాయి నోట్లు పదింటిని పది రూపాయల నోటుగా మార్చినట్టు. జవాబు 4.2 × 10²⁰.

అవగాడ్రో సంఖ్యలో ఊగే అంకె ఏదని ఎవరైనా అడుగుతారు. 2019 మే 20 నుంచి దాన్ని 6.02214076 × 10²³ అని కచ్చితంగా నిర్వచించారు. అది ఇప్పుడు లెక్కపెట్టిన 30 నట్ల లాంటిదే, ఊగదు. లెక్కలో ఊగేది చాక్‌పీసు తూకమే.

చార్టుకు 30. ఇప్పటిదాకా: 18 పీరియడ్లు, 3,686 రూపాయలు.

దశ 8: వంట సోడా వేడిచేయడం

అన్నీ కలిసే ప్రయోగం. సోడియం బైకార్బనేట్‌ను వేడిచేస్తే సోడియం కార్బనేట్ మిగిలి, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పోతాయి. 168 గ్రాములకు 106 మిగలాలి. అంటే 5.00 గ్రాములకు 3.15.

మొదటి తప్పు కొనుగోలులోనే. బేకింగ్ పౌడర్ డబ్బా వచ్చింది. అందులో పిండి పదార్థం, ఆమ్లం కలిసి ఉంటాయి. వేడికి గోధుమరంగుకు మారి మాడింది. వంట సోడా, కొన్నిచోట్ల తినే సోడా అంటారు, అదే అడగాలి.

రెండోది పరిమాణం. పొదుపు కోసం 0.50 గ్రాముతో మొదలుపెట్టాం. తగ్గాల్సింది 0.18. రెండు తూకాల తేడా కాబట్టి 0.02 దాకా ఊగుతుంది, అంటే పదో వంతు పైనే అనుమానం. 5.00 గ్రాములైతే తగ్గేది 1.85, అదే 0.02 నూటికి ఒకటి.

చేసిన వరస:

1. చిన్న స్టీలు గిన్నె తూకం: 38.46. సోడా వేశాక: 43.46.
2. స్పిరిట్ దీపం మీద 15 నిమిషాలు, మొదట సన్నటి మంట. దీపం వెలిగించేది ఉపాధ్యాయులే, గిన్నె మీదికి ముఖం వంచకూడదు.
3. పూర్తిగా చల్లారాక తూచాలి: 41.88. మిగిలింది 3.42.
4. మళ్లీ 10 నిమిషాలు, చల్లార్చి: 41.63, అంటే 3.17.
5. మళ్లీ 10 నిమిషాలు: 41.62, అంటే 3.16. 0.01కి మించి మారలేదు కాబట్టి ఆపాలి.

మూడో మెట్టు దగ్గరే ఆపిన జట్లు 3.42 రాసుకుని సమీకరణం తప్పన్నాయి. తూకం మారడం ఆగేదాకా వేడిచేయాలి. వేడి గిన్నెను కాటా మీద పెట్టిన జట్టుకు తూకం తక్కువగా కనిపించింది. గిన్నె చుట్టూ వేడిగాలి పైకి లేస్తూ పళ్లేన్ని తేలిక చేస్తుంది, కాటా లోపలి తూనిక భాగమూ చెడుతుంది. ఒక జట్టుకు 3.15 కంటే తక్కువ, 3.09 వచ్చింది. మొదటినుంచే పెద్ద మంట పెట్టడంతో పోయే ఆవిరి పొడిని చిమ్మింది. గిన్నె అంచు చుట్టూ తెల్లటి దుమ్ము కనిపించింది.

సోడా, పొరపాటున కొన్న పౌడర్, స్పిరిట్, గిన్నెలు కలిపి 345. మొత్తం: 21 పీరియడ్లు, 4,031 రూపాయలు.

ఇంకా సరికానిది ఒకటి ఉంది. వాన పడిన రోజు చేసిన జట్లకు చల్లారిన గిన్నె కాటా మీద ఉండగానే కొన్ని నిమిషాలకోసారి 0.01 చొప్పున పెరిగింది. మిగిలిన సోడియం కార్బనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటోంది. ఇప్పుడు గిన్నెకు మూతవేసి చల్లారుస్తున్నాం, మూతతో కలిపే మొదటినుంచీ తూస్తున్నాం, చల్లారిన వెంటనే చదివి రాసేస్తున్నాం. పెరుగుదల తగ్గింది, పూర్తిగా ఆగలేదు. వచ్చే విడత మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బీలో, అడుగున కాల్చిన సున్నం ముక్క పెట్టి, దాని పైన గిన్నెను చల్లార్చి చూడాలి.